గట్టెక్కిన మాట

మా అమ్మాయి కొడుక్కు పదకొండేళ్లు. వాడు పుట్టింది, పెరుగుతున్నది ఇంగ్లండులో, లీడ్సు పట్టణంలో. ప్రతి ఆదివారం సాయంత్రం మా అమ్మాయి ఫోను చేసినప్పుడు వాడు కూడా వచ్చి నిలబడి, "తాతా, బాగున్నావా? భోంచేసినావా?" అని అడుగుతాడు. ఆ రెండు ప్రశ్నలతో వాడి తెలుగు అయిపోతుంది. అక్కణ్ణించి నా ఇంగ్లీషు మొదలవుతుంది. నేను చదివింది మాలూరు హైస్కూల్లో. మా మేష్టరుగారు నేర్పిన ఇంగ్లీషు పుస్తకాలు చదువుకోవటానికీ, అర్జీలు రాయటానికీ బ్రహ్మాండంగా పనికివచ్చింది గాని, పదకొండేళ్ల పిల్లవాడితో కబుర్లు చెప్పుకోవటానికి అందులో ఏర్పాటేమీ లేదు. అయినా ఏదో విధంగా, కొంత వాడూ కొంత నేనూ సర్దుకుని, ఇన్నాళ్లూ నెట్టుకొస్తూనే ఉన్నాము.

నిరుడు అక్టోబరులో ఒక బుధవారం రాత్రి పదిగంటలప్పుడు ఫోను మోగింది. బుధవారం నాడు ఆ ఫోను మోగదు. అందువల్ల గుండె దడదడలాడుతూనే తీశాను. మనవడే. తనంతట తాను ఫోను చేయటం అదే మొదలు. వాళ్ల బడిలో ఫుట్‌బాలు జట్టుకు పిల్లల్ని ఎంచుకుంటారని, వీడు ఆరునెలలుగా వానలో తడుస్తూ సాధన చేస్తున్నాడని నాకు తెలుసును. "తాతా" అన్నాడు. ఆ పైన గబగబా ఏదో ఇంగ్లీషులో చెప్పి, చివరకు "అయాం గట్టెడ్" అన్నాడు.

నాకు చెముడు కొద్దిగా ఉన్నది. ఉన్న చెవికి ఆ మాట ఎట్లా వినబడిందంటే, "గట్టెక్కా" అన్నట్టు వినబడింది. పిల్లవాడు నా కోసం తెలుగు మాట నేర్చుకుని మరీ చెప్తున్నాడు గదా అని నాకు ఆనందం పట్టలేదు. "శభాష్ రా నాయనా! నువ్వు గట్టెక్కుతావని నేను ముందే అనుకున్నాను. వెరీ గుడ్, వెరీ గుడ్!" అని కేకలు వేశాను. మా ఇంటావిడను నిద్రలేపి మరీ చెప్పాను. తిరిగి ఫోను చెవిన పెట్టుకునేసరికి అవతల ఎవరూ లేరు.

అరగంటకు మా అమ్మాయి ఫోను చేసింది. "నాయనా, వాడితో ఏమన్నావు? గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాడు. జట్టులో చోటు రాలేదని ఏడుస్తుంటే, తాతకు చెప్పుకో, తేలిక పడుతుంది అని నేనే ఫోను ఇచ్చాను. నువ్వు నవ్వుతూ శభాష్ అన్నావంటున్నాడు."

ఆ తరువాత మూడు ఆదివారాలు వాడు ఫోను దగ్గరకు రాలేదు.

డెబ్భయ్యేడేళ్ల వయసులో ఒక మాట సరిగా వినబడనందువల్ల ఒక్కగానొక్క మనవణ్ణి పోగొట్టుకుంటానేమో అని నాకు దిగులు పట్టుకుంది. పిల్లల అలకలు అంతలో ఉంటై, పోతై అని మా ఇంటావిడ అన్నది గాని, దగ్గరున్న పిల్లల అలక వేరు, అయిదువేల మైళ్ల అవతల ఉన్న పిల్లవాడి అలక వేరు. దగ్గరున్నవాడైతే ఒక అరటిపండు చేతిలో పెట్టవచ్చు.

అల్లుడు ఓపికగల మనిషి. ఆ మాటకు అర్థం ఆయనే చెప్పాడు. చేప కడుపు చీల్చి పేగులన్నీ తీసి పారవేస్తారు గదా, ఆ పనికి వాళ్ల భాషలో ఉన్న మాట అది. ఇల్లు తగలబడి గోడలు మాత్రం నిలిచి లోపలంతా బూడిద అయినా అదే మాట. గంపెడాశ పెట్టుకున్నది దక్కకపోయినప్పుడు కడుపులో ఏమీ మిగలనట్టు అనిపిస్తుంది చూడండి, ఆ స్థితిని బ్రిటన్‌లో జనం ఈ మాటతో చెప్పుకోవటం 1980ల నుంచీ బాగా వ్యాపించిందట. ఆటల్లో ఓడినవాళ్లయితే దీన్ని మంత్రంలాగా జపిస్తారట.

వినగానే నాకు మన "కడుపు తరుక్కుపోవటం" జ్ఞాపకం వచ్చింది. కాని ఆలోచించి చూస్తే అది ఇది కాదు. మన కడుపు తరుక్కుపోయేది ఎదుటివాడి కష్టం చూసి. పరాయి బిడ్డ ఆకలితో ఏడుస్తున్నా తరుక్కుపోతుంది. సొంత ఆశ చెడినప్పుడు మనం వేరే మాటలు వాడుతాము. ఉసూరుమంటాము, డీలాపడతాము, చతికిలబడతాము, నీరుగారిపోతాము. గమనించారో లేదో, ఇవన్నీ కిందికి పోయే మాటలే. ఆశ చెడ్డ తెలుగువాడు మొత్తంగా కిందికి జారుతాడు. ఇంగ్లీషువాడికి లోపల ఖాళీ అవుతుంది.

సరే, అర్థం తెలిసింది. ఇక పిల్లవాడికి ఏం చెప్పాలి? పొరపాటున నేను అన్నది ఏ మాటకు బదులుగా అన్నానో వాడికి చెప్పాలంటే, ముందు ఆ మాటకు సరిగ్గా ఎదురుమాట ఏమిటో నేను తెలుసుకోవాలి. పని లేని పింఛనుదారుకు ఇంతకంటె మంచి పని ఏముంటుంది? కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను.

ఇంగ్లీషు ఎదురుమాటలు అల్లుడు చెప్పాడు. "ఓవర్ ది మూన్" అంటే చంద్రుడి మీదుగా ఎగిరినంత సంతోషం. "చఫ్‌డ్" అంటే ఉబ్బిపోవటం. ఈ రెండోది నాకు నచ్చింది. ఎందుకంటే ఆ దేశంలోని పల్లెభాషల్లో ఆ మాటకు సంతోషించటమనీ, ముఖం ముడుచుకోవటమనీ రెండర్థాలూ ఉన్నాయట. ఒకే మాట ఒక ఊళ్లో నవ్వు, మరొక ఊళ్లో ఏడుపు. పైగా పాతకాలపు రైలింజను పొగ వదిలే చప్పుణ్ణి కూడా వాళ్లు అట్లాగే అంటారు. మాలూరు స్టేషను దగ్గర పెరిగినవాణ్ణి, బొగ్గుబండ్ల ఆ చప్పుడు నాకు తెలియకేం? బెంగుళూరు నుంచి జోలార్‌పేటకు 1864 లో వేసిన లైను అది. ఇప్పుడు దాని మీద పొగలేని కరెంటు బండ్లు తిరుగుతున్నై.

తెలుగు మాటలకు కొదవ ఏమున్నది? పొంగిపోవటం, మురిసిపోవటం, ఎగిరి గంతెయ్యటం, ఉబ్బితబ్బిబ్బవటం, చంకలు గుద్దుకోవటం, గాలిలో తేలిపోవటం, నెత్తిన పాలు పోసినట్టవటం, పోయిన ప్రాణం లేచిరావటం. ఒక పేజీ నిండింది. ఇవన్నీ పైకి పోయే మాటలు. దుఃఖం కిందికి, సంతోషం పైకి. పొయ్యి మీది పాలు పొంగటమే మన సంతోషానికి మూలపు కొలత కాబోలు. తబ్బిబ్బు అనే మాట అసలు తికమకను చెప్పేది. సంతోషం ఎక్కువైతే మనిషికి దిక్కు తెలియదని మనవాళ్లు ఆ మాటలోనే పెట్టారు.

ఈ జాబితా అంతా మా ఇంటావిడకు చదివి వినిపించాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ విని, "బాగానే ఉన్నై. కాని మన ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా 'నేను ఉబ్బితబ్బిబ్బయినాను' అన్నారా?" అన్నది.

నేను తెల్లబోయాను. నిజమే గదా! ఈ మాటలన్నీ మనం ఇతరుల గురించి చెప్పేవి. వాడు చంకలు గుద్దుకున్నాడు అంటాము. ఆమె మురిసి ముక్కలయింది అంటాము. అందులో కాస్త ఎత్తిపొడుపు కూడా ఉంటుంది. నేను చంకలు గుద్దుకున్నాను అని తెలివి ఉన్న మనిషి ఎవడూ చెప్పుకోడు. ఇంగ్లీషు కుర్రవాడు తన సంతోషాన్ని తానే నోరారా చెప్పుకుంటాడు. మన ఇళ్లలో అట్లా చెప్పుకుంటే దిష్టి తగులుతుందని భయం. కొడుక్కు ఉద్యోగం వచ్చిందటగదా అని ఎవరైనా అడిగితే, మా అమ్మ తరం వాళ్లు ముఖం కూడా విప్పకుండా, "ఏదో సామి దయవల్ల గట్టెక్కినాము" అనేవాళ్లు. అంతే. అంతకు మించి సంతోషం ఒలకబోసుకునేవాళ్లు కారు.

గట్టెక్కినాము! నేను ఇంగ్లీషువాడి నోట విన్నాననుకున్న మాటే తిరిగి తిరిగి నా దగ్గరకే వచ్చింది.

మాలూరు వైపు తెలుగు సంగతి కూడా కొంచెం చెప్పాలి. మాది కన్నడదేశం. బడిలో కన్నడం, బజారులో కన్నడమూ తమిళమూ, ఇంట్లో తెలుగు. కన్నడ కథకు తండ్రి అనిపించుకున్న మాస్తి వెంకటేశ అయ్యంగారు మా తాలూకావారే. వారి ఇంటిభాష తమిళం. రాసింది కన్నడం. 1983 లో జ్ఞానపీఠ బహుమానం తెచ్చారు. ఇట్టి చోట పెరిగిన తెలుగులో కలగూరగంప మాటలు ఉండటం తప్పుగాదు. మాకు మనసు బాగాలేకపోతే "బేజారు", బాగుంటే "కుషి". కన్నడంవారూ ఇవే అంటారు. తీరా చూస్తే ఈ రెండూ పారసీ మాటలు. మా జిల్లాను బిజాపురం సుల్తానులు ఏలారు, మొగలాయిలు ఏలారు, హైదరాలీ అయితే ఇక్కడే బూదికోటలో పుట్టాడు. ఎవరు తెచ్చారో గాని, దుఃఖమూ సంతోషమూ ఒకే గుర్రం మీద ఎక్కి వచ్చి మా ఊళ్లో దిగినై. అందువల్ల మా పిల్లలకు పై నుంచి వచ్చిన బేజారూ కుషీ తెలుసును. గట్టెక్కటం మాత్రం ఇంటి మాట. అమ్మ దగ్గర విన్నది.

ఇందులో ఒక చిత్రం ఉన్నది. గట్టెక్కాలంటే ముందు నీళ్లలో పడాలి. ఏట్లో కొట్టుకుపోతున్నవాడు ఒడ్డు చేరితే గట్టెక్కినట్టు. మా కోలారు జిల్లాలో మునగటానికి నిండుగా పారే ఏరే లేదు! పాలారు ఉన్నదంటారు గాని దానిలో ఇసుకే ఎక్కువ. మాకు ఉన్నవి చెరువులు. మా పెద్దవాళ్లకు గట్టు అంటే చెరువు కట్టే. చెరువు నిండితే ఊరు గట్టెక్కినట్టు. ఎండితే ఊరంతా ఉసూరుమన్నట్టు. 2021 నవంబరులో వానలు దంచికొట్టి జిల్లాలో చెరువులు అనేకం మరవలు పారినప్పుడు జనం పసుపు కుంకుమలు పట్టుకుని కట్టల మీదికి వెళ్లారు. నేనూ కర్ర పట్టుకుని వెళ్లి చూసి వచ్చాను. బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి మా చెరువులకు మళ్లించే పథకం 2018 లోనే మొదలయింది. ఆ నీళ్లు చూసి ముక్కు మూసుకునేవాళ్లు ఉన్నారు, బోర్లలో నీరు ఊరిందని దణ్ణం పెట్టేవాళ్లూ ఉన్నారు. పైనుంచి పడిన వాన ముందు మాత్రం అందరిదీ ఒకటే ముఖం.

మా నాయన పెంకుల ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర పనిచేసేవాడు. మాలూరు పెంకులకూ ఇటుకలకూ పేరు. వాన పడితే చెరువు నిండుతుంది, పెంకులు ఆరవు. ఎండ కాస్తే పెంకులు ఆరుతై, చెరువు ఎండుతుంది. అందుచేత ఆయన ఏ కాలంలోనూ పూర్తిగా సంతోషించినట్టు నేను చూడలేదు, పూర్తిగా నీరుగారినట్టూ చూడలేదు. నేను 1965 లో ఎస్సెస్సెల్సీ మూడో తరగతిలో ప్యాసయినప్పుడు అమ్మ "గట్టెక్కినాడు" అన్నది. నాయన నా మార్కులు చూసి, "కట్టను పట్టుకుని వేలాడతా ఉండాడు, ఇంకా ఎక్కలేదు" అన్నాడు.

ఇక మా అన్న సంగతి. మనవడి మూలంగా ఈ మధ్య నేను రాత్రిళ్లు నిద్రలేక ఆలోచించింది అసలు దీన్నే.

మా అన్న నాకంటె రెండేళ్లు పెద్ద. 1967 లో కోలారు బంగారుగనుల్లో చేరాడు. మాలూరు నుంచి బంగారుపేటకు రైలు. అక్కణ్ణించి కొమ్మలైను. 1894 లో వేసిన ఆ లైను మీద ఊరుగాము, చాంపియను దాటి మారికుప్పం దాకా పోవచ్చు. జాన్ టేలర్ కంపెనీ వారు 1880 లో పని మొదలుపెట్టిన నాటినుంచీ ఆ గనులు మా ప్రాంతపు బతుకును తమ వైపు లాక్కున్నై. దొరలు ఇంగ్లండులోని కార్నువాల్ సీమనుంచి గనిపని తెలిసినవాళ్లను తెచ్చుకున్నారు. కూలీలు తమిళసీమనుంచీ, చిత్తూరు వైపు నుంచీ వచ్చారు. 1902 లో శివనసముద్రం నుంచి సుమారు 150 కిలోమీటర్ల దూరం తీగలు లాగి గనులకు కరెంటు ఇచ్చారు. బెంగుళూరు వీధులకు కరెంటు దీపాలు వచ్చింది ఆ తరువాతనే. 1956 లో గనులు మైసూరు ప్రభుత్వం చేతికి, 1962 లో కేంద్రప్రభుత్వం చేతికి వచ్చినై. చాంపియను రీఫు గని లోతు మూడు కిలోమీటర్లు దాటింది. అంత లోతున రాయి ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. లోపలి ఒత్తిడికి బండలు ఒక్కొక్కసారి ఫిరంగిలాగా పేలుతై. అట్లా పేలినప్పుడు పైన ఇళ్లలో గిన్నెలు గలగలలాడేవి. కింద ఎవరు ఉన్నారో, ఎవరు పోయారో వెంటనే తెలిసేది కాదు.

అన్న చేరిన నాటినుంచీ మా అమ్మకు నిద్రపట్టటం తగ్గిపోయింది. అన్నది ఏ షిఫ్టో అమ్మకు కంఠతా ఉండేది. రాత్రి షిఫ్టు అయితే, అది ముగిసి అన్న పైకి వచ్చే వేళ దాకా తిన్నె మీద కూర్చునేది. పొద్దున గనుల వైపు నుంచి వచ్చే బండి దిగినవాళ్లను స్టేషను గేటు దగ్గర ఆపి, "ఏమప్పా, అక్కడ అంతా బాగుండాదా?" అని అడిగేది. బాగుండాదమ్మా అంటే ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేది. ఈ విధంగా ఒకటి గాదు, రెండు గాదు, 34 సంవత్సరాలు. అన్నకు పెళ్లయి, లైను ఇండ్లలో కాపురం పెట్టి, పిల్లలు పెద్దవాళ్లయి, నాయన పోయి, అమ్మ తల ముగ్గుబుట్ట అయినా ఈ అడగటం మానలేదు.

బంగారం తగ్గుతూ వచ్చింది, తీసే ఖర్చు పెరుగుతూ వచ్చింది. మొత్తం మీద 800 టన్నుల బంగారం పైకి తీసిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28 న మూతపడ్డై. పంపులు ఆగిపోయిన తరువాత లోపలి సొరంగాలు నీళ్లతో నిండిపోయినై. మా చెరువులు ఎండి నెర్రెలు విచ్చిన కాలంలో, ఎవరికీ అక్కరలేని చోట భూమి కింద నీరు నిండింది. పైన మిగిలింది సైనైడు మట్టిదిబ్బలు. మా అల్లుడు చెప్పిన చేప కడుపు మాట విన్నప్పుడు నాకు మొట్టమొదట కళ్ల ముందు కనబడింది ఆ ఊరే.

మూతపడిన నాలుగో రోజు ఆదివారం. అన్నా వదినా మాలూరు వచ్చారు. అన్నకు అప్పటికి యాభై అయిదు. చేతిలో పనిపోయింది, ఇల్లు ఉంటుందో ఊడుతుందో తెలియదు, చిన్నవాడి చదువు పూర్తి కాలేదు. వచ్చినవాడు తిన్నె మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదు. నేను పక్కన కూర్చున్నానే గాని నాకు మాత్రం ఏ మాట తోస్తుంది?

ఇంతలో లోపల్నుంచి బెల్లమూ ఏలకులూ కలిసిన వాసన వచ్చింది. వదిన లోపలికి వెళ్లి చూసి, "అత్తా, ఇంత కష్టంలో ఓబట్లు ఎవరు తింటారు?" అని కళ్లొత్తుకున్నది. అమ్మ రొట్టెల పెనం మీదినుంచి తల ఎత్తకుండా అన్న మాటలు నాకు ఈ రోజుకీ చెవిలో ఉన్నై: "34 ఏండ్లు నేను కన్ను మూయలేదే తల్లీ. ఈ పొద్దు నా బిడ్డ భూమి పైన ఉండాడు. రేపూ పైననే ఉంటాడు. గట్టెక్కినాడు. నేను ఓబట్లు చేస్తాను. తినేవాళ్లు తినండి, లేనివాళ్లు మానండి."

తిన్నె మీద ఉన్న అన్నకు ఈ మాట వినబడింది. లేచి లోపలికి వచ్చాడు. జన్మలో అమ్మ మీద గొంతెత్తనివాడు, "నా బతుకు బుగ్గి అయిపోతే నువ్వు పండగ చేస్తావా?" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. అన్న వదినను బయలుదేరదీసి అప్పటికప్పుడే స్టేషనుకు పోయాడు. అమ్మ ఓబట్లు ఒక డబ్బాలో సర్ది నా చేతికి ఇచ్చింది. నేను పరుగెత్తుకుంటూ పోయి బండి కదిలే వేళకు కిటికీలోనుంచి వదిన ఒళ్లో పెట్టాను. అన్న అటు తిరిగి కూర్చున్నాడు.

ఆ తరువాత ఆరునెలలు అన్న మాలూరు రాలేదు. అమ్మ గనులకు పోలేదు. ఎవరు తప్పు అంటే ఏం చెప్పేది? అమ్మ తప్పని అప్పుడు నేను అనుకున్నాను. ఏడుస్తున్నవాడి ముందు పండగ చేయటం ఏమిటని చాలా కాలం అనుకున్నాను. నిరుడు బుధవారం రాత్రి నేను మనవడితో చేసింది సరిగ్గా అదే. తేడా ఒకటి ఉన్నది. నేను చెముడు వల్ల చేశాను. అమ్మకు అన్నీ వినబడుతూనే ఉన్నై. కొడుకు ఏడుపు తెలిసే, తన సంతోషాన్ని ఆ ఒక్క రోజు దాచుకోలేకపోయింది. జీవితమంతా దిష్టికి భయపడి దాచుకున్న మనిషి!

ఆ సంవత్సరం వినాయకచవితి వెళ్లిన తరువాత ఒక ఉదయం అన్న వచ్చాడు. చేతిలో ఆ డబ్బా ఉన్నది. మన ఇళ్లలో గిన్నె ఖాళీగా తిప్పి ఇవ్వరు గదా. అందులో అరసేరు చక్కెర పోసి తెచ్చాడు. అమ్మ డబ్బా అందుకుని మూత తీసి చూసి, "భోంచేసినావా?" అని అడిగింది. లేదన్నాడు. కూర్చోమన్నది. ఆరునెలల మౌనం ఆ రెండు ముక్కలతో అయిపోయింది. ఆ ఓబట్లు తిన్నాడో లేదో నేను అడగలేదు. తిన్నాడని వదిన తరువాత చెప్పింది. బండి టేకల్ దాటకముందే తిన్నాడట, కిటికీ వైపు తిరిగి.

చిన్నవాడు బెంగుళూరులో పని చూసుకున్నాడు. గనుల ఊళ్లనుంచి తెల్లవారకముందే బండి ఎక్కి బెంగుళూరుకు పోయి రాత్రికి తిరిగొచ్చే వేలమందిలో వాడొకడయ్యాడు. ఆ బండి మాలూరులో ఆగుతుంది. అమ్మ ఆ బండికి కూడా కొన్నాళ్లు గేటు దగ్గరకు పోయి నిలబడింది గాని, ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు. కుర్రవాడు కిటికీలోనుంచి చెయ్యి ఊపితే చాలు, తిరిగి వచ్చేది. 2006 లో నిద్రలోనే పోయింది. మా వాళ్లలో అంత నెమ్మదైన చావు మరొకటి నేను చూడలేదు.

అన్నకు 2009 ప్రాంతంలో ఆయాసం మొదలయింది. నాలుగడుగులు వేస్తే గస. డాక్టరు ఫోటో తీసి చూసి, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము అన్నాడు. అన్న పైకి వచ్చి ఎనిమిదేళ్లయింది గాని, గని మాత్రం ఆయన లోపల అట్లాగే ఉండిపోయింది. 2012 లో పోయాడు. ఆఖరి రోజుల్లో ఒకనాడు నాతో, "అమ్మ ఇది చూడకుండా పోయింది, అదొక మేలు" అన్నాడు.

నాలుగో ఆదివారం మా మనవడు ఫోను దగ్గరకు వచ్చాడు. వాళ్లమ్మ ఏం చెప్పిందో, మొహంలో కొంచెం నవ్వు కూడా ఉన్నది. నేను రాసిపెట్టుకున్న కాగితం ముందు పెట్టుకుని, నా హైస్కూలు ఇంగ్లీషులో వాడి మాటా నా మాటా వివరించాను. నీది లోపలంతా ఖాళీ కావటం, మాది నీళ్లలోనుంచి పైకి ఎక్కటం, వినటానికి రెండూ ఒకటే రా అన్నాను. వాడికి ఇది మహా వినోదంగా తోచింది. "గట్టెడ్, గట్టెక్కా, గట్టెడ్, గట్టెక్కా" అని నాలుగైదుసార్లు పాటలాగా అన్నాడు. జట్టులో ఎవరికైనా జబ్బు చేస్తే వీణ్ణి దింపుతామని చెప్పారట. అంటే సగం గట్టు ఎక్కినట్టా తాతా అని అడిగాడు. మా నాయన ఉంటే ఏమనేవాడో అది చెప్పాను. కట్టను పట్టుకుని వేలాడుతున్నావు, చెయ్యి వదలకు అన్నాను.

నోరు జారిందో, చెప్పాలనే అనిపించిందో, ఆ ఊపులో మా అన్న కథ కూడా చెప్పాను. గని, అమ్మ, ఓబట్లు, డబ్బా, చక్కెర అన్నీ. తెలుగు చాలక ఇంగ్లీషు, ఇంగ్లీషు చాలక తెలుగు. వాడు కదలకుండా విన్నాడు. దుమ్ము సంగతి చెప్పకుండా ఆపుదామనుకున్నాను గాని, తరువాత ఏమయింది అని అడుగుతుంటే అదీ చెప్పాను.

వాడు కాసేపు ఏమీ అనలేదు. ఆపైన, "అయితే తాతా, పెద్దతాత గట్టెడ్డా, గట్టెక్కాడా?" అన్నాడు.

నేను కాగితం వైపు చూశాను. అందులో ఏమీ లేదు. నేను తడుముకుంటుంటే మా ఇంటావిడ ఫోను నా చేతిలోనుంచి తీసుకుని, "భోంచేసినావా నాయనా?" అని అడిగింది. చేశానన్నాడు. ఏం తిన్నాడో చాలాసేపు చెప్పాడు.